దిగని అల్లుడు

శనివారం పొద్దున క్లెయిములాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగి సెల్లారులోకి దిగడం, భోజనం వేళకి బండిని సిద్ధం చేసేయడం, ఆదివారం తెల్లవారకముందే దాన్ని వ్యాను ఎక్కించి ఊరి బయట ఉన్న రేసు ట్రాక్‌కి తీసుకెళ్లడం. ఇందులో తేడా రావడానికి ఆయనకి ఎక్కడా సందు కనిపించలేదు. తేడాలు ఎక్కడున్నాయో వెతకడమే ఆయన ఉద్యోగం కాబట్టి ఆ ధైర్యాన్ని తప్పు పట్టడానికి లేదు.

ఆయన ఇన్సూరెన్సు ఆఫీసులో వాహన ప్రమాదాల క్లెయిములు పరిశీలిస్తాడు. పగలంతా విరిగిన బండ్ల ఫొటోలు చూడడం, రాత్రి కంచం ముందు కూర్చుని ఆ కథలు భార్యకి చెప్పడం ఆయన అలవాటు. ఎవరు ఏ మలుపులో జారారో, ఎవరి హెల్మెట్టు ఎంత దూరం దొర్లిందో వింటూనే ఆవిడ కూర వడ్డించేది. పెళ్లయిన పదిహేనేళ్లుగా ఈ పురాణశ్రవణం సాగడంతో, ఆవిడ కంటికి స్టాండు వేసి ఉన్న మోటారు సైకిలు కూడా కాసేపట్లో పడబోతున్నట్టే కనిపించేది. అటువంటి ఇంటికి ఆయన ఒక సాయంత్రం ఎవరో వాడి అమ్ముకున్న స్పోర్ట్స్ బండి తోలుకొచ్చాడు. ఎర్రటి బండి. దాని మీద కూర్చున్నవాడు ఎవరికో సాష్టాంగపడబోతున్నట్టు ముందుకి వంగాలి. నలభై దాటిన మనిషికి ఆ వంగడంలో ఏం సుఖమో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

అందరికంటే ఎక్కువగా అంతుపట్టనిది మావగారికి. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. అదే బిల్డింగులో పై అంతస్తులో అత్తగారూ ఆయనా ఉంటారు. ఏ వస్తువు ఎదురైనా ముందు దాని బరువు అంచనా కట్టి, అదేమిటన్నది తరవాత చూస్తారు. శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర ట్రాక్ సంగతి బయటపడినప్పుడు కూడా ఆయన అదే కోణంలోంచి మాట్లాడారు.

"బండి రెండొందల కిలోలు. నువ్వు డెబ్బై. ఎవరు ఎవర్ని తోలుతున్నట్టు అల్లుడూ?"

ట్రాక్ డే అంటే పందెం కాదని, ఎదురు బండ్లు రావని, అడ్డంగా గేదెలు నడవవని, ఎవరి వేగం వాళ్లదేనని క్లెయిములాయన ఓపిగ్గా వివరించాడు. ఎదురు బండి లేకుండా పడినవాళ్ల కథలు కూడా మీరే చెప్పారని భార్య గుర్తు చేసింది. మాట మీద మాట పెరిగి చివరికి ఆవిడే ఒక షరతు పెట్టింది. ఆ బండిని సిద్ధం చేసేటప్పుడు ఈ బిల్డింగులో ఎవరి సాయమూ అడక్కుండా ఆయనొక్కడే సంభాళించుకుంటే ఆదివారం వెళ్లవచ్చు. "పట్టుకోండి" అని ఒక్క కేక వినిపించినా ఆ వారమే అమ్మేయాలి. ఎత్తలేని బరువు ఎక్కకూడదని ఆవిడ వాదన. అందులో న్యాయం ఉంది కూడా.

క్లెయిములాయన షరతుల మధ్యే బతికే మనిషి గనక వెంటనే ఒక మినహాయింపు అడిగాడు. మెకానిక్ డబ్బు పుచ్చుకుని చేస్తాడు, దాన్ని సాయమనరు. ఆవిడ ఒప్పుకుంది. ఆ విజయంతో ఆయనకి కొంచెం గర్వం పెరిగి, అవసరం లేని మాట ఒకటి అన్నాడు.

"ఒంటిచేత్తో చూసుకుంటా."

తథాస్తు దేవతలు తిరిగే వేళలేవో పెద్దలు చెప్పారు గానీ, వాళ్లకి మన మాటల్లో ఏది విని ఏది వదిలెయ్యాలో తెలిసే ఏర్పాటు ఉన్నట్టు ఎవరూ చెప్పలేదు.

సెల్లారులో క్లెయిములాయన బండి పెట్టుకునే చోట ట్యూబులైటు ఎప్పుడో పోయింది. అందుకని ఆయన బండిని తోసుకొచ్చి, వెలుతురు పడే చోట, అంటే వీధిలోకి ఎక్కే ర్యాంపు మొదట్లో పెట్టుకున్నాడు. అక్కడ నేల కొంచెం వాలుగా ఉంటుంది. మెకానిక్ దగ్గర్నుంచి తెచ్చుకున్న ఇనప స్టాండు వెనక చక్రం కింద దూర్చి బండిని పైకెత్తాడు. ఒక పాత దుప్పటి పరిచి దాని మీద పనిముట్లు వరసగా పేర్చుకుని, ట్రాక్ వాళ్లు చెప్పిన ప్రకారం పని మొదలుపెట్టాడు.

ట్రాక్ వాళ్ల నియమాలు ఆయన ఆఫీసు నియమాలకి సరిగ్గా తలకిందులు. పగిలితే గాజు రోడ్డు మీద పడుతుందని అద్దాలు తీసేయమంటారు. లైటుకి టేపు అంటించమంటారు. నంబరు ప్లేటు ఊడదీయమంటారు. రేడియేటరులో రంగు ద్రవం ఒలికితే జారుతుందని దాన్ని పారబోసి మంచినీళ్లు పోయమంటారు. ఆయిలు బోల్టు ఊడి రాకుండా దాని తలకి బెజ్జం వేసి తీగ చుట్టమంటారు. మలుపులో కిందకి జారితే ప్రమాదమని పక్క స్టాండు తీసేయమంటారు. అద్దం, నంబరు, లైటు లేని ఇలాంటి బండి క్లెయిముకి వస్తే ఆయన రెండో పేజీ తిప్పకుండా కొట్టేస్తాడు. ఆ మాట మనసులో మెదిలినా, కొన్ని చోట్ల పుణ్యమైనది కొన్ని చోట్ల పాపమవుతుందని సరిపెట్టుకుని స్క్రూడ్రైవరు తిప్పాడు.

అద్దాలు ఊడి వచ్చాయి. పక్క స్టాండు వచ్చింది. రంగు ద్రవం తొట్టిలోకి దిగింది. చైను ఊడదీసి కిరసనాయిలు గిన్నెలో నానేశాడు. పథకం ప్రకారం అంతా సాఫీగా సాగుతుండగా మెకానిక్ వచ్చాడు. ఇంకో ఖాతాదారు బండి కూడా రేపు ట్రాక్‌కే వెళ్తోందనీ, దాని టైర్లు మార్చాలనీ, ఇనప స్టాండు తన దగ్గర ఒకటే ఉందనీ చెప్పాడు.

"అరగంట సార్. ఇలా వెళ్లి అలా తెచ్చేస్తా. మీరు కాసేపు బండెక్కి కూర్చోండి."

క్లెయిములాయన ఎక్కి కూర్చున్నాడు. మెకానిక్ బండిని దించి స్టాండు భుజానేసుకుని మెట్లెక్కి వెళ్లిపోయాడు. అతని అడుగుల చప్పుడు వినిపించడం మానేశాక, క్లెయిములాయన తన పరిస్థితిని ఆఫీసులో ఫైలు చూసినట్టు మొదటినుంచీ చూసుకున్నాడు.

పక్క స్టాండు దుప్పటి మీద ఉంది. చైను గిన్నెలో ఉంది కాబట్టి గేరులో వేసినా బండి ఆగదు. నేల వాలు. ముందు బ్రేకు వదిలితే బండి వెనక్కి పోతుంది. వెనక అసోసియేషన్ అధ్యక్షుడి కొత్త కారుంది. బ్రేకు లీవరుని కట్టేసే టేపు దుప్పటి మీదే, చెయ్యి చాపినా అందనంత దూరంలో ఉంది. ఆనించడానికి స్తంభం ఉంది గానీ అది పైన, ర్యాంపు సగంలో. పక్కకి పడుకోబెట్టడానికి కొత్తగా వేయించిన ఎర్ర రంగు ఒప్పుకోదు. మొత్తానికి ఆయన కుడిచేత్తో బ్రేకు పట్టుకుని కూర్చోవాలి. నిన్న అన్న ఒంటిచెయ్యి అదే.

అరగంటే కదా అనుకున్నాడు. మెకానిక్కుల అరగంట ఎంతో ఆయనకి తెలుసు. కానీ తన విషయంలో అది వర్తించదనుకోవడం మనిషి స్వభావం.

వాచ్‌మన్‌ని పిలిస్తే వస్తాడు. కానీ వాచ్‌మన్ సాయంత్రాలు మావగారితో చదరంగం ఆడతాడు. అతనికి తెలియడమంటే పై అంతస్తులో టముకు వేయించడమే. షరతు సంగతి గుర్తొచ్చి క్లెయిములాయన ఎవర్నీ పిలవకుండా, చూపు తిన్నగా ర్యాంపు మీద పెట్టుకుని కూర్చున్నాడు.

మొదట భార్య మెట్ల మీదనుంచి ఫలహారానికి పిలిచింది. ఇప్పుడు రాలేనన్నాడు. కాసేపటికి మళ్లీ పిలిచింది. మళ్లీ అదే జవాబు. ఆవిడకి వంటింట్లో పని ఉండి, కాఫీ తీసుకెళ్లమని తల్లికి చెప్పింది.

అత్తగారు గ్లాసు పట్టుకుని కిందకి దిగింది. ఆవిడ కనిపిస్తే చేతిలో పేపరు పక్కన పెట్టి లేచి నిలబడే అల్లుడు, ఇవాళ కూర్చున్నచోటునుంచి కదల్లేదు. పళ్లు బిగించి ఉన్నాడు. ఎదురుగా ఏమీ లేని ర్యాంపుని చూస్తున్నాడు. గ్లాసు అందిస్తే ఎడమచేత్తో పుచ్చుకున్నాడు. పదిహేనేళ్లలో ఆయన ఎడమచెయ్యి అత్తగారి ముందుకి రావడం అదే మొదలు. కాఫీ తాగి, గ్లాసు కూడా ఎడమచేత్తోనే తిరిగిచ్చాడు. ఆవిడ మెట్లెక్కి వెళ్లి మావగారి ముందు కూలబడింది.

"ఏవండీ, అల్లుడు అలిగాడు."

"పెళ్లయిన పదిహేనేళ్లకా?"

"అప్పుడు అలగలేదుగా. ఇప్పుడు అలిగాడు. నిన్న మీరు బరువు సంగతి ఎత్తకుండా ఉండాల్సింది."

అల్లుడు అలగడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగని విషయం. ఏం చెయ్యాలో తెలియక అత్తగారు ముందు దేవుడి గదిలోకి వెళ్లి దణ్ణం పెట్టుకుంది. అల్లుడి కోపం చల్లారాలని, దాంతోపాటు వీలైతే ఆ ట్రాకో ఏదో అది కూడా తప్పిపోవాలని కోరుకుంది. ఒకే దణ్ణంలో రెండు కోరికలు పెట్టడం మంచిదేనా అని ఆవిడకి ఒక అనుమానం వచ్చింది గానీ, అప్పటికే పెట్టేసింది.

మావగారు ఇంకో గ్లాసు కాఫీతో దిగారు. అలిగినవాడికి ముందు గొంతు తడపాలన్నది అత్తగారి సలహా. ఆయన ఒక ఖాళీ డబ్బా బోర్లించుకుని అల్లుడి పక్కన కూర్చుని, చాలాసేపు గొంతు సవరించుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన తూచి చెప్పిన అంకెని వెనక్కి తీసుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి తెలిసినవాళ్లకే అప్పుడాయన అన్న మాట విలువ తెలుస్తుంది.

"నిన్న నేను తొందరపడ్డా అల్లుడూ. రెండొందలు ఉండకపోవచ్చు. నూట తొంభై ఎనిమిది అనుకుందాం."

"అది కాదు మావయ్యగారూ."

"మరేంటి? ఎంత తగ్గించమంటావు?"

తగ్గించడం కాదని, మీ మీద తనకేమీ లేదని, కాసేపు ఇలా కూర్చోవాలని ఉందని క్లెయిములాయన చెప్పాడు. మనసులో ఏమీ లేనివాడు ఎవరైనా చీకటి సెల్లారులో చైను లేని బండి మీద కూర్చుంటాడా అని మావగారు ఆలోచించారు. ఇంకొంచెం దిగాలనుకుని, అమ్మాయితో తాను మాట్లాడతాననీ, రేపు నిశ్చింతగా వెళ్లమనీ అన్నారు. ఆ మాటకి క్లెయిములాయన ప్రాణం లేచొచ్చింది గానీ లాభం లేకపోయింది. షరతు పెట్టింది భార్య. పెట్టినవాళ్లు తప్ప ఎత్తేసే అధికారం ఇంకొకరికి ఉండదు. ఆఫీసులో ఆయన రోజూ జనానికి చెప్పే మాటే అది.

"సరే, ఇక దిగు నాయనా."

"దిగుతానండీ. కాసేపాగి."

అన్నీ ఇచ్చినా దిగడం లేదంటే ఇంకా పెద్దదేదో మనసులో ఉందన్నమాట అని మావగారు తీర్మానించుకుని, ఖాళీ గ్లాసుతో పైకి వెళ్లిపోయారు. క్లెయిములాయన ఎడమచేత్తో ఫోను తీసి మెకానిక్‌కి చేశాడు. బయల్దేరాను సార్, దార్లో ఉన్నానన్నాడతను. వెనకనుంచి టైరులో గాలి కొడుతున్న చప్పుడు వినిపించింది. అప్పుడు క్లెయిములాయన కూడా దేవుణ్ణి తలుచుకున్నాడు. ఆయన కోరిక చిన్నది. ఆ ఇనప స్టాండు వస్తే చాలు.

ఇంతలో అధ్యక్షుడు కారు తాళాలు ఊపుకుంటూ దిగాడు. ఆయన్ని బిల్డింగులో అందరూ చాటుగా చూద్దాంగారు అంటారు. నీళ్ల పంపు గురించి చెప్పినా, సెల్లారు ట్యూబులైటు గురించి చెప్పినా, ర్యాంపు గురించి చెప్పినా ఆయన నోట వచ్చే మాట ఒక్కటే కావడం వల్ల ఆ పేరు వచ్చింది. ర్యాంపు మీది గీతలన్నీ అరిగిపోయి రెండేళ్లయింది. వాన పడితే అది సబ్బు రాసినట్టు ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా ఆయన చూస్తూనే ఉన్నాడు.

ఆయన కారు బయటికి రావాలంటే క్లెయిములాయన బండి జరగాలి. కొంచెం జరగమని మర్యాదగా అడిగాడు. జరగలేనని క్లెయిములాయన అంతకంటే మర్యాదగా చెప్పాడు. చూద్దాంగారు బండిని చూశాడు, దాని ముక్కు ర్యాంపుకి ఎదురుగా ఉండడం చూశాడు, మనిషి చూపు కూడా ర్యాంపు మీదే ఉండడం చూశాడు. ఆయన గుండెలో రాయి పడింది.

"ర్యాంపు గురించేనా?"

క్లెయిములాయన ఔననలేదు, కాదనలేదు. కాదంటే మరి దేని గురించో చెప్పాలి. ఆ నిమిషంలో మూడో అంతస్తు సంగీతం టీచరు కూరగాయల సంచీతో మెట్ల మలుపు దగ్గర నిలబడి ఉంది. కిందటి వానాకాలం ఆవిడ ఆ ర్యాంపు మీదే స్కూటరుతో జారి మోచెయ్యి విరగ్గొట్టుకుంది. పడింది రోడ్డు మీద కాదు, బిల్డింగు లోపల అని క్లెయిములాయన ఆఫీసు ఆవిడ క్లెయిము కొట్టేసింది. కొట్టేసిన సంతకం ఆయనదే. అప్పట్నుంచి మెట్ల మీద ఎదురైనా ఆవిడ పలకరించేది కాదు. ఇవాళ సంచీ కిందపెట్టి ఆయన దగ్గరికి వచ్చింది.

"అన్నయ్యగారూ, ఆ రోజు మీరు కాగితం చూశారు. ఇవాళ ర్యాంపు చూశారు. అది చాలు."

ఆవిడ పైకి వెళ్లి కుర్చీ తెచ్చుకుని ఆయన వెనక కూర్చుంది. ఆవిణ్ణి చూసి రెండో అంతస్తువాళ్లు కుర్చీలు తెచ్చుకున్నారు. పోయినసారి వానలో జారినవాళ్లు, జారబోయి ఆగినవాళ్లు, జారినవాళ్లని చూసినవాళ్లు అందరూ దిగారు. ఎవరో క్లెయిములాయనకి మంచినీళ్ల సీసా ఇచ్చారు. నాయకుడు ఎండిపోకూడదని ఇంకెవరో రెండో సీసా ఇచ్చారు. వద్దంటే నిరాహారదీక్ష అనుకుంటారని ఆయన తాగాడు. మావగారు పైనుంచి తొంగి చూసి, అల్లుడి అలక తమ ఇంటిది కాదని తెలిసి ఊపిరి పీల్చుకున్నారు. కానీ మనవాడు బిల్డింగు కోసం కూర్చున్నాడన్న గర్వం పట్టలేక, ఆయన కూడా ఒక కుర్చీ తెచ్చుకుని, ర్యాంపు మీద ఒక్కో కారు మోపే బరువెంతో పక్కవాళ్లకి చెప్పడం మొదలుపెట్టారు.

చూద్దాంగారు అందరినీ ఒకసారి కలయజూసి, చూద్దామన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆయన పైకి వెళ్లిపోయాడు.

భోజనం వేళకి ఉద్యమం కొంచెం పలచబడింది. నాయకుడు ఒక్కడే ఎలాగూ కదలడు గనక ధైర్యంగా తినొద్దామని కుర్చీలు వదిలి ఒక్కొక్కరే పైకి వెళ్లారు. సెల్లారు ఖాళీ అయింది. రెండు కాఫీలూ రెండు సీసాల నీళ్లూ తమ పని తాము చేస్తున్నాయి. క్లెయిములాయన నుదుట చెమట పట్టింది. కుడిచెయ్యి తనది కానట్టుంది. అప్పుడు భార్య ఒక్కతే దిగి వచ్చింది. ఆవిడ చేతిలో కాఫీ లేకపోవడం చూసి ఆయనకి కాస్త ఊరట కలిగింది.

ఆవిడ కుర్చీలనీ, దుప్పటినీ, గిన్నెలో చైనునీ చూసింది.

"అమ్మేమో అలిగారంటుంది. నాన్నేమో ఊరి కోసం అంటున్నారు."

"నేను అలగలేదు."

"తెలుసు. మీకు కోపమొస్తే రెండు ముద్దలు ఎక్కువ తింటారు. పొద్దుట్నుంచీ తినలేదంటే ఇది కోపం కాదు. ర్యాంపు కోసమూ కాదు. ఏంటిది?"

క్లెయిములాయన తాను ఎన్నో ఏళ్లుగా జనం నోట వింటూ నమ్మకుండా కొట్టేసిన గొంతుతో అన్నాడు.

"దిగలేకపోతున్నా. స్టాండు తీసేశాను."

ఆవిడ దుప్పటి మీది స్టాండుని చూసింది. నవ్వొచ్చిందేమో, కొంగు పెదాలకి అడ్డం పెట్టుకుంది.

"పొద్దున్నే పిలవచ్చుగా?"

"పిలిస్తే బండి పోతుంది."

"ఇప్పుడు నాకు చెప్పారుగా. ఇప్పుడు పోదా?"

"పోతుంది. కానీ ఇంక ఆగలేను."

దేనికి ఆగలేడో ఆవిడకి అర్థమైంది. ఇంకేమీ అడక్కుండా చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, ఆయన చెప్పిన ప్రకారం ఎడమపక్కనుంచి బండికి ఆనుకుని, తన చెయ్యి ఆయన చేతి మీద వేసింది. ఆయన ఒక్కో వేలూ విప్పుకుంటూ ఉంటే, ఆవిడ ఒక్కో వేలూ లీవరు మీద బిగించింది. ఆయన వెనక్కి జారి దిగాడు, ఆవిడ ముందుకి జరిగి కూర్చుంది. ఇద్దరూ కలిసి ఒక పని అంత జాగ్రత్తగా చేసి చాలా కాలమైంది. ఆయన మెట్ల వైపు పరిగెత్తాడు. కాళ్లు బిగుసుకుపోవడం వల్ల అది పరుగులా లేదు గానీ, ఉద్దేశం మాత్రం అదే.

ఆవిడ ఒక్కతే మిగిలింది. అద్దాలు లేవు కాబట్టి వెనక ఏముందో కనిపించదు. హాండిలు పట్టుకోవాలంటే ముందుకి వంగక తప్పదు. వంగితే ఎదురుగా ర్యాంపూ, దాని చివర వెలుతురు ముక్కా తప్ప ఇంకేమీ కనిపించవు. ఆ కాసేపట్లో ఆవిడకి ఏమనిపించిందో ఆవిడ తరవాత కూడా ఎవరికీ చెప్పలేదు.

భోజనాలు ముగించుకుని దిగినవాళ్లకి కనిపించింది ఈ దృశ్యం. పొద్దుట్నుంచి కూర్చున్న మొగుడు సొమ్మసిల్లితే పెళ్లాం ఆ స్థానంలో కూర్చుందని సంగీతం టీచరు గొంతులో దుఃఖం నింపుకుని పై అంతస్తులదాకా వినిపించేలా చెప్పింది. ఆవిడ గొంతు సాధకం చేసిన గొంతు. ఆడవాళ్లంతా దిగారు. చూద్దాంగారి భార్య కూడా కుర్చీతో దిగడం చూశాక చూద్దాంగారికి ఇక చూడడానికేమీ మిగల్లేదు. ఆయన బావమరిది సిమెంటు పనుల కాంట్రాక్టరు. అతనికి ఫోను చేశాడు. ఆ పూట పక్క వీధిలో చెయ్యాల్సిన పని ఆగిపోయి అతని మనుషులు ఖాళీగానే ఉన్నారు. ఇప్పుడే వచ్చి పగలగొట్టేస్తామన్నాడు. చూద్దాంగారు మెట్ల మీద నిలబడి, ర్యాంపు పని ఇవాళే మొదలవుతుందనీ, అందరూ వెంటనే బండ్లు బయటపెట్టుకోవాలనీ ప్రకటించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ప్రకటన వేళకి క్లెయిములాయన బాత్రూములో కుళాయి విప్పుకుని, చన్నీళ్ల కింద కుడిచెయ్యి పెట్టుకుని ఉన్నాడు. ఆవిడకేమో చప్పట్ల మధ్య చూద్దాంగారి మాటలు సగమే వినిపించాయి. మిగతా సగం ఆవిడకి అక్కర్లేదు, ఎందుకంటే అప్పుడే మెట్ల మీదనుంచి మెకానిక్ ఇనప స్టాండుతో దిగాడు.

"ఆలస్యమేం కాలేదుగా మేడమ్?"

క్లెయిములాయన దిగి వచ్చాక ముగ్గురూ కలిసి బండిని వెనక్కి, దాని చోటులోకి తోసి, స్టాండు మీదకి ఎక్కించారు. ర్యాంపు ఖాళీ అవడంతో కార్లూ స్కూటర్లూ ఒకదాని వెనక ఒకటి పైకి వెళ్లిపోయాయి. జనం తన కోసం దారి ఇచ్చి వెళ్తున్నారనుకున్నాడు క్లెయిములాయన. వెళ్తున్నవాళ్లు చెయ్యెత్తి దణ్ణాలు పెడుతుంటే, ఎందుకో తెలియకపోయినా ఆయనా పెట్టాడు.

గోల సద్దుమణిగాక ఆయన భార్య ముందు తలవంచుకుని నిలబడ్డాడు. షరతు తప్పానని, మాట ప్రకారం ఈ వారమే అమ్మేస్తానని చెప్పాడు. ఆవిడ చేతికంటిన గ్రీజు కొంగుకి తగలకుండా తుడుచుకుంటూ కాస్త ఆలోచించింది.

"బిల్డింగులో ఎవరి సాయమూ అడక్కూడదన్నాను. మీరు అడిగారా? నేనే ఎక్కి కూర్చున్నాను. పోనీ అడిగారే అనుకోండి, నేను ఎవరో పరాయిదాన్నా ఏంటి మీకు?"

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆయన ఒక షరతుని ఇంత దయగా చదివిన మనిషిని చూడలేదు.

"అయితే రేపు..."

"వెళ్లండి. నెమ్మదిగా తోలండి. మలుపులో మాత్రం బ్రేకు గట్టిగా పట్టకండి, ముందు చక్రం జారుతుంది. మీరే చెప్పారు, రెండేళ్ల కిందట. వంకాయ కూర రోజు."

ఆవిడ పైకి వెళ్లింది. క్లెయిములాయన ఆ చీకటి మూలలో, ర్యాంపుకి వీపు పెట్టి, ఆనందంతో పని మీద పడ్డాడు. మెకానిక్ టార్చి పట్టుకున్నాడు. చైను తుడిచి ఎక్కించారు. బోల్టుకి బెజ్జం వేసి తీగ మెలిపెట్టారు. రేడియేటరులో మంచినీళ్లు పోశారు. లైటు మీద టేపు అడ్డంగా, నిలువుగా అంటించారు. మధ్యలో ఎక్కడో పెద్ద చప్పుడు మొదలైంది. పక్క వీధిలో ఎవరో ఇల్లు పడగొడుతున్నారనుకున్నాడు ఆయన. ర్యాంపు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయనే సాధించాడని అందరికీ తెలుసు. సాధించినవాడికి ఏం సాధించాడో చెప్పాలని ఎవరికి తోస్తుంది?

సాయంత్రానికి బండి సిద్ధమైంది. ఎక్కడా ఒక్క లోపం లేదు. ట్రాక్ వాళ్లు భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. క్లెయిములాయన నడుం పట్టుకుని లేచి, దాన్ని వెలుతురులో ఒకసారి చూసుకుందామని ర్యాంపు వైపు తిరిగాడు.

ర్యాంపు లేదు. దాని స్థానంలో రాళ్ల గుట్ట ఉంది. గుట్ట మీద కాంట్రాక్టరు నిలబడి, చేతులు దులుపుకుంటూ నవ్వాడు.

"రెండేళ్లుగా మా బావ చూస్తానంటూనే ఉన్నాడు సార్. మీ వల్ల కదిలింది. సిమెంటు వేసి, నీళ్లు పట్టి, గట్టిపడేదాకా చక్రం పెట్టకూడదు. పదిహేను రోజులు ఓపిక పట్టండి, రాయిలా ఉంటుంది."

మావగారు మెట్ల మీదనుంచి దిగి, బండినీ మెట్లనీ మార్చి మార్చి చూశారు. ఆ మలుపుల్లో అంత బరువుని పైకెత్తడం ఆరుగురికి కూడా సాధ్యం కాదని లెక్క తేల్చారు. బరువు నూట తొంభై ఎనిమిదే అనుకున్నా కూడా. మెకానిక్ క్లెయిములాయన్ని ఓదారుస్తూ, ఇనప స్టాండు ఆయన దగ్గరే ఉంచుకోమన్నాడు. తొందరేమీ లేదు సార్, ఎన్నాళ్లయినా ఫర్వాలేదు.

దేవుడు మొర ఆలకిస్తాడా అని అడిగేవాళ్లు ఉంటారు. ఆ పూట ఆ బిల్డింగులో సంగీతం టీచరు ర్యాంపు అడిగింది, అత్తగారు ట్రాక్ తప్పిపోవాలంది, క్లెయిములాయన ఇనప స్టాండు వస్తే చాలన్నాడు. అన్నీ తీరాయి. అందరివీ ఒక్క రోజే ఆలకించకుండా ఉంటే బాగుండేదని మాత్రం, చెంపలేసుకుంటూనే, అనుకోవచ్చు.

ఆదివారం తెల్లవారకముందే వ్యాను వచ్చి గేటు ముందు హారను కొట్టింది. క్లెయిములాయన బాల్కనీలో నిలబడి, ఇంకా సరిగా ముడుచుకోని కుడిచేత్తో దాన్ని వెళ్లిపొమ్మన్నాడు. పక్కన భార్య ఆయనకి కాఫీ గ్లాసు ఎడమచేతిలో పెట్టింది. కింద సెల్లారు చీకట్లో బండి మాత్రం, స్టాండుని మినహాయిస్తే, ఎవరి సాయమూ లేకుండా నిలబడి ఉంది.